మక్కల మీద టెస్ట్ డ్రైవ్

"రెండు కార్లు," అంది అన్నపూర్ణ, ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుతూ. "ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే బూడిద రంగు. ఒకటి రియర్ వీల్ డ్రైవ్, ఇంకోటి ఆల్ వీల్ డ్రైవ్. సరుకు వాటిలో ఒకదాన్లో ఉంది. ఏది తియ్యాలో నువ్వే తేల్చుకోవాలి."

భానూర్ రోడ్డు పక్కన ఆగి ఉన్న టిఫిన్ వ్యాన్‌లో ఆమే, తారిఖూ ఎదురెదురుగా కూర్చున్నారు. బయటి నుంచి చూసేవాళ్లకు అన్నపూర్ణ దగ్గర్లోని ప్లాంటులో రిటైరైన ఎవరో ఉద్యోగి భార్యలా కనిపిస్తుంది. ఆమెకు అందులో అభ్యంతరం లేదు. అలా కనిపించడం మీదే కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఆమె సర్వీసంతా గడిచింది.

"ఇంకెవర్నన్నా పంపుండ్రి మేడమ్," అన్నాడు తారిఖ్. "ఏ బండి తియ్యాలో నేను చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు?"

"మీకు ఎరుకే గదా."

ఆమెకు తెలుసు. పోయినేడాది వానాకాలం ముత్తంగి జంక్షన్ దగ్గర ఒక వెంటాడింపులో తారిఖ్ డిపార్ట్‌మెంట్ బండి నడిపాడు. ఆ రోజు గ్యారేజీలో రెండు స్పోర్ట్స్ సెడాన్లు ఉన్నాయి. రెండు తాళాలూ ఒకే మేకుకు వేలాడుతున్నాయి. వెనక చక్రాలు తోసే బండిని నడపడంలో ఉన్న మజా వేరని తారిఖ్ రియర్ వీల్ తాళం తీశాడు. సర్వీస్ రోడ్డు మలుపులో తడి మీద బండి తోక జారింది, గిర్రున తిరిగింది, ఎడమ పక్క వెళ్లి ఆగి ఉన్న ట్రెయిలర్‌కు కొట్టుకుంది. ఎడమ సీట్లో బాపిరాజు ఉన్నాడు. తారిఖ్‌కు పని నేర్పినవాడు, స్టీరింగ్ పట్టడం నేర్పినవాడు కూడా ఆయనే.

అప్పటి నుంచి తారిఖ్ ఏదీ ఎంచుకోవడం మానేశాడు. టీయా కాఫీయా అని అడిగినా పక్కవాడి మొహం చూస్తాడు. ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఏ బండి ఎక్కినా ఎడమ సీట్లో బాపిరాజు కూర్చుని ఉంటాడు. నీలం చొక్కా, వాన నీళ్లు కారుతున్న జుట్టు. కోప్పడడు, ఏడిపించడు. రోడ్డు వైపు చూస్తూ అప్పుడప్పుడు ఒక మాట అంటాడు. తిట్టినా బాగుండునని తారిఖ్‌కు చాలాసార్లు అనిపించింది.

"సరుకేంటో విను," అంది అన్నపూర్ణ. "సీకర్. క్షిపణి ముక్కులో ఉండే కన్ను. కొబ్బరికాయంత ఉంటుంది. పారిశ్రామికవాడలో ఒక ప్రైవేటు యూనిట్ నుంచి మాయమైంది. కొనేవాడి పేరు లియోన్. పాస్‌పోర్టులు చాలా ఉన్నాయి, దేశం ఏదో మనకింకా తెలీదు. ఈ సాయంత్రం అతను దాన్ని కంటెయినర్‌లో ఎక్కించుకుని పోర్టు దారి పడతాడు."

"అది పోతే?"

"మన క్షిపణి ఏం చూస్తుందో వాళ్లకి తెలుస్తుంది. ఏం చూడలేదో కూడా తెలుస్తుంది. ఆ తర్వాత సరిహద్దులో మనవాళ్లు పేల్చేవన్నీ గుడ్డివే."

"నాకాబందీ పెట్టియ్యుండ్రి. రెండు బండ్లు ఆపొచ్చు."

"మనలోనే లీక్ ఉంది. ఎవరికి చెప్పినా వాళ్లకి ముందే తెలిసిపోతోంది. అందుకే ఈ పనిలో ఇద్దరమే. నువ్వూ, నేనూ."

వ్యాన్ ఎడమ సీట్లోంచి బాపిరాజు వెనక్కి తిరిగి చూశాడు. తనను లెక్కలో వేయనందుకు కొంచెం నొచ్చుకున్నట్టు కనిపించాడు.

అన్నపూర్ణ ఒక లావుపాటి బంగారు ఉంగరం, చెవిలో ఇమిడే చిన్న గుండీ బల్ల మీద పెట్టింది. ఉంగరం మీది రాయి నొక్కితే తారిఖ్ ఎక్కడున్నాడో ఆమెకు తెలుస్తుంది, నొక్కిపట్టుకుంటే అతని మాట వినిపిస్తుంది. చెవిలోని దాంట్లో ఆమె మాట వినిపిస్తుంది. తారిఖ్ షేర్వానీ తొడిగి వేయబోయే జహీరాబాద్ రియల్ ఎస్టేట్ వ్యాపారి ఉబేద్ సేఠ్ వేషానికి ఉంగరం ఎలాగూ కావాలి.

"షోరూమ్‌లో సేల్స్ హెడ్ ఫరహత్. వాళ్ల మనిషి, మన మనిషి కూడా. సన్‌రూఫ్ కావాలా అని అడుగుతుంది. మా అమ్మకు ఎండ పడదు అని చెప్పు. టెస్ట్ డ్రైవ్ పేరుతో సరైన కారు బయటికి తీసుకొచ్చెయ్. ఒక్కసారే అవకాశం."

"రెండు దిక్కుల పనిచేస్తది అంటున్నరు. ఎటు ఎక్కువ?"

"అది ఆమెకే తెలియాలి," అంది అన్నపూర్ణ, చెయ్యి కడుక్కుంటూ.

*

సంగారెడ్డి ఊరు రాకముందే హైవే పక్కన పాత లగ్జరీ కార్లు అమ్మే గాజు షోరూమ్ ఉంది. అక్టోబరు చివరి రోజులు. వాన పోయే కాలంలో మళ్లీ మబ్బు పట్టింది. గాలిలో ఫ్యాక్టరీల మందు వాసన కిందికి దిగి నిలబడింది. మధ్యాహ్నమే అయినా లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి.

ఫరహత్ నల్ల షిఫాన్ చీరలో ఎదురొచ్చింది. ఆమె నడిచి వస్తుంటే కార్లు చూడటానికి వచ్చినవాళ్లు కార్లు చూడటం మానేశారు. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని సలాం చేసింది.

"ఆయియే సేఠ్ సాబ్. సన్‌రూఫ్ ఉన్నది కావాల్నా?"

"వద్దు. మా అమ్మకు ఎండ పడది."

ఆమె రెప్ప వేయలేదు. అతన్ని వెనక యార్డులోకి తీసుకెళ్లింది. రెండు బూడిద రంగు సెడాన్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒకదాన్లోంచి ఒకటి పుట్టినట్టున్నాయి. ఒకదాని డిక్కీ మీద మాత్రం ఆల్ వీల్ అని చెప్పే వెండి బిళ్ల ఉంది.

"రియర్ వీల్ అయితే ఇంజన్ బలం మొత్తం వెనక చక్రాలకే పోతది," అంది పెద్దగా, దూరంగా నిలబడ్డవాళ్లకు వినపడేలా. "స్టీరింగ్ తేలిగ్గ ఉంటది. మలుపుల నడిపేటోనికి ఖుషీ. ఆల్ వీల్ అయితే నాలుగు చక్రాలు లాగుతయి. వానల, మట్టిల పట్టు ఇడువది. కాని బరువు ఎక్కువ, పెట్రోల్ ఎక్కువ తాగుతది. మీరు ఎట్ల నడుపుతరు సేఠ్ సాబ్?"

"పానం దక్కేటట్టు," అన్నాడు తారిఖ్. నవ్వు కోసం అన్న మాట కాదు.

ఫరహత్ డిక్కీ తెరిచి లోపలికి వంగింది. తారిఖ్ కూడా వంగాడు. ఆమె గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"మాల్ ఆల్ వీల్ బండిల ఉన్నది. ముందు చక్రాలను తిప్పే డిఫరెన్షియల్ పీకేసి, ఆ జాగల అసుంటిదే ఉత్త డబ్బా బిగించిన్రు. సీకర్ దాంట్లనే. కింద పండుకొని సూసినా ఎవ్వరికి తెల్వది. జల్దీ తీస్కపో."

"రెండు బండ్లూ బాగున్నాయి కదా సర్?"

వెనక నుంచి వినిపించిన గొంతు మెత్తగా ఉంది. నల్ల టీషర్టు మీద తెల్ల కోటు, ఖరీదైన గడియారం. షోరూమ్ టెక్నికల్ కన్సల్టెంట్ మహేంద్ర. లియోన్‌కు ఇక్కడ కుడి చెయ్యి అతనే అని అన్నపూర్ణ ఫొటో చూపించింది.

"నాకు ఆల్ వీల్ నడిపి సూడాలె," అన్నాడు తారిఖ్.

తారిఖ్ ఊహ ప్రకారం మహేంద్ర కాదనాలి. ఆ కారు బుక్ అయిపోయిందనాలి, బ్యాటరీ వీక్ అనాలి, ఏదో ఒక వంక చెప్పాలి. మహేంద్ర అవేమీ చేయలేదు.

"తప్పకుండా సర్. నేనే వస్తాను మీతో. కొండాపూర్ వైపు వెళ్దాం, రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఫీచర్స్ అన్నీ ఎక్స్‌ప్లెయిన్ చేస్తాను." తాళం తారిఖ్ చేతిలో పెట్టాడు.

తారిఖ్ తాళాన్ని అరచేతిలో ఒకసారి తిప్పి చూశాడు. దొంగసొమ్ము ఉన్న బండి తాళం ఎవరైనా ఇంత తేలిగ్గా ఇస్తారా? ఫరహత్ వైపు చూశాడు. ఆమె కళ్లజోడు కిందికి దించుకుంది.

*

మహేంద్ర ఎడమ సీట్లో కూర్చోవడంతో బాపిరాజు వెనక్కి జరిగాడు. పెద్దమనిషి కాబట్టి కాస్త విసుక్కుంటూనే జరిగాడు. అద్దంలో ఆయన తడి జుట్టు కనిపిస్తోంది. తారిఖ్ అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పాడు. అటు తిప్పినా కనిపిస్తోంది.

సంగారెడ్డి దాటి కొండాపూర్ రోడ్డు పట్టారు. పత్తి చేలు, మధ్యలో కొత్త వెంచర్ల హద్దు రాళ్లు, మూతపడిన ఒక పాత ఫ్యాక్టరీ గోడ. చినుకులు మొదలయ్యాయి. కారు చెప్పిన మాట వింటోంది. మలుపుల్లో నిలకడగా ఉంది. ఇది ఆల్ వీలో రియర్ వీలో చెప్పడానికి ఏ గుర్తూ లేదు. జారబోయే చక్రాన్ని కంప్యూటర్ ముందే పట్టుకుని, గుట్టు బయటపడకుండా చూసుకుంటోంది.

"మీరు అంతకు ముందు ఏ బండి నడిపేవారు సర్?" అన్నాడు మహేంద్ర.

"ఒకటుండె. రియర్ వీల్."

"అమ్మేశారా?"

"పోయింది."

"అయ్యో," అన్నాడు మహేంద్ర. నిజంగా బాధపడ్డట్టే అన్నాడు.

అప్పుడు తారిఖ్ చెవిలో అన్నపూర్ణ గొంతు పలికింది. ఆమె అంత తొందరగా మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

"తారిఖ్, ఫరహత్ నుంచి మెసేజ్. సరుకు రియర్ వీల్ కార్లో ఉందంటోంది. ఆల్ వీల్ ఉత్త ఎర. రియర్ వీల్ కారు ఇప్పుడే యార్డు దాటింది, ముత్తంగి వైపు పోతోంది. నేను దాని వెనక పడ్డాను, కానీ నా బండికి అందేలా లేదు. నువ్వు వెనక్కి తిరుగు. వెంటనే."

ముత్తంగి. ఆ పేరు విన్నాక తారిఖ్ యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం సడలించాడు. తిరిగితే మళ్లీ అదే రింగు రోడ్డు, అదే సర్వీస్ రోడ్డు, అదే మలుపు. తిరగకపోతే, ఫరహత్ రెండో మాట నిజమైతే, సీకర్ చేతులారా వదిలేసినట్టు. రెండు దారులూ ఎదురెదురు దిక్కులకు పోతున్నాయి. రెంటినీ పట్టుకోవడం కుదరదు. ఎంచుకోవాలి. ఎంచుకోవడం అన్నదే తనకు చేతకాదని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు, ఇప్పుడు వినేవాళ్లు కూడా లేరు.

"ముందు లెఫ్ట్ తీసుకోండి సర్," అన్నాడు మహేంద్ర. "అటు రోడ్డు ఇంకా బాగుంటుంది."

ఆ రోడ్డు అంత బాగా లేదు. సన్నటి ఊరి రోడ్డు. దూరంగా చేల మధ్య నీలం రేకుల షెడ్డు ఒకటి కనిపిస్తోంది.

"బండిని అడుగు అబ్బాయ్," అన్నాడు బాపిరాజు వెనక సీట్లోంచి. ఆయనది తండ్రి కాలంలో భీమవరం వైపు నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఇక్కడే పుట్టి పెరిగినా ఆయన మాటలో గోదావరి యాస పోలేదు, చచ్చిపోయాక కూడా పోలేదు. "మనుషులు రెండు మాటలు చెబుతారు. బండి ఒకటే చెబుతుంది."

తారిఖ్‌కు అప్పుడు తట్టింది. ఫరహత్ మొదట చెప్పింది నిజమైతే, ముందు డిఫరెన్షియల్ జాగాలో ఉన్నది ఉత్త డబ్బా. అంటే ముందు చక్రాలకు బలం అందదు. అంటే బిళ్ల మీద ఏం రాసి ఉన్నా, ఇప్పుడు తను నడుపుతున్నది రియర్ వీల్ బండే. కంప్యూటర్ కాపలా తీసేసి, జారే నేల మీద ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా దబాయిస్తే గుట్టు బయటపడుతుంది. నాలుగు చక్రాలు తిరిగితే బండి తిన్నగా ముందుకు దూకుతుంది, అప్పుడు ఇది ఉత్త ఎర. వెనకవి మాత్రమే తిరిగితే తోక జారుతుంది, అప్పుడు సీకర్ తన కాళ్ల ముందే ఉంది.

తోక జారాలి. ఏడాదిగా కలలో వస్తున్నది అదే, మెలకువ వచ్చాక కూడా పక్క మీద బిగుసుకుని పడుకునేలా చేస్తున్నది అదే. దాన్ని తన కాలితో తనే పిలవాలి. తారిఖ్ భయపడ్డాడు.

ఊరు మొదట్లో రోడ్డు సగం పసుపుగా ఉంది. ఎడమ సగం పొడవునా మక్కలు, మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి. బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేర్చారు. చినుకులు చూసి ఆడవాళ్లు ఆ కొసన గింజలు కుప్ప చేస్తూ టార్పాలిన్లు కప్పుతున్నారు. ఈ కొసన ఇంకా ఎవరూ రాలేదు. కుడి సగానికి అడ్డంగా ఒక ట్రాక్టర్ నిలబడి ఉంది. తారిఖ్ బండి ఆపాడు.

"ఎందుకు ఆపారు?" అన్నాడు మహేంద్ర. మొదటిసారి గొంతులో మెత్తదనం తగ్గింది. షెడ్డు వైపు చూశాడు. దాని షట్టర్ సగం లేచి ఉంది. లోపల కంటెయినర్ లారీ దీపాలు వెలిగాయి.

"ట్రాక్టర్ ఉన్నది గదా. జరగనియ్యి."

"టైమ్ లేదు సర్. వాటి మీంచి ఎక్కించెయ్యండి. కార్న్ గింజలే కదా."

ఈ జిల్లాలో పుట్టినవాడు ఎవడూ ఆ మాట అనడు. ఆరబోసిన పంట కనిపిస్తే కలెక్టర్ కారైనా చుట్టూ తిరిగి పోతుంది. తారిఖ్‌కు సిగ్గుగా అనిపించింది, అయినా అతనికి కావలసిన జారే నేల అదే. డ్యాష్‌బోర్డు మీద కంప్యూటర్ కాపలా బటన్‌ను నొక్కిపట్టాడు. చిన్న పసుపు దీపం వెలిగింది.

"అదేంటి, అదెందుకు ఆపారు?"

"పైసలు పెట్టి కొనేటోణ్ణి. జెర దబాయించి సూడొద్దా?"

"తోక ఎటు పోతే స్టీరింగ్ అటు," అన్నాడు బాపిరాజు. "బ్రేక్ మాత్రం తొక్కకు. తొక్కావు ఆ రోజు."

ఆ మాట ఆయన ఇన్నాళ్లకు అన్నాడు. ఏడాదిగా తారిఖ్ ఎదురుచూసిన తిట్టు అదే. అది కూడా తిట్టులా లేదు. తారిఖ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోకుండానే స్టీరింగ్ ఎడమకు తిప్పి మక్కల్లోకి దిగాడు, రాళ్లు దాటగానే కొంచెం కుడికి తిప్పి యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు.

ముందు చక్రాల కింద ఏ చప్పుడూ లేదు. వెనక నుంచి మాత్రం గింజలు బండి అడుగున వడగళ్లలా కొట్టాయి. తోక ఎడమకు కొట్టుకుపోయింది.

అదే జారుడు. అదే మెత్తటి, చడీచప్పుడు లేని జారుడు. ఒక్క క్షణం అతని ముందు పసుపు రోడ్డు లేదు, ట్రెయిలర్ వెనక ఎర్ర దీపాలు ఉన్నాయి. కుడి కాలు బ్రేక్ మీదికి పోబోయింది. పోనివ్వలేదు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి స్టీరింగ్‌ను ఎడమకు, తోక పోతున్న వైపుకే తిప్పాడు. బండి అడ్డంగా జారుతూ వేగం పోగొట్టుకుంది. ఎడమ వెనక చక్రం రోడ్డు పక్క గుంతలో పడింది. కరెంటు స్తంభానికి ఇవతలే ఆగిపోయింది.

ఎడమ సీట్లో మనిషి బతికే ఉన్నాడు. తారిఖ్ ముందు అదే చూసుకున్నాడు. తర్వాతే అతని చేతిలో పిస్టల్ చూశాడు.

"బాగా నడిపావు తారిఖ్," అన్నాడు మహేంద్ర. పేరు తెలుసన్నమాట, మొదటి నుంచీ తెలుసన్నమాట. "ఫరహత్ నీ గురించి నాకు చెప్పింది, నా గురించి నీకు చెప్పింది. రెండో మెసేజ్ మాత్రం నా మనిషి ఆమె పక్కన కూర్చుని పంపించాడు. మీ మేడమ్ ముత్తంగి వెళ్లిపోయింది. నేను సరుకు ఎలాగూ ఇక్కడికి తేవాలి, డ్రైవర్ దొరికాడు కదా అని తీసుకొచ్చాను. ఆ కనిపించేదే షెడ్డు. బండి బయటికి తియ్యి."

పిస్టల్ తారిఖ్ పక్కటెముకలకు ఆనింది. తారిఖ్ ఉంగరం రాయి నొక్కి, గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక చక్రం గుంతలో గిర్రున తిరిగింది. బండి కదల్లేదు.

"మళ్లీ."

మళ్లీ తొక్కాడు. మక్కలు వెనక్కి ఎగిరి రోడ్డు పక్క కాలవలో పడ్డాయి.

"ఎంత తొక్కినా రాదు," అన్నాడు తారిఖ్. "ముందు చక్రాలు లాగితే గట్టెక్కుతుండె. వాటికి బలమిచ్చేది పీకేసి మీరు మాల్ పెట్టుకున్నరు గదా."

మహేంద్ర మొహంలో మొదటిసారి రక్తం లేకుండా పోయింది. షెడ్డులో లారీ హారన్ కొట్టింది. అతను పిస్టల్ పైకెత్తి తారిఖ్ కణతకు గురి పెట్టబోయాడు. అంతలో ఎడమ తలుపు బయటి నుంచి తెరుచుకుంది. పిస్టల్ చటుక్కున తొడ కిందికి పోయింది.

కొంగు నడుముకు చుట్టుకున్న ముసలావిడ వంగి చూస్తోంది. చేతిలో చేట ఉంది. ఆమె వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక ట్రాక్టర్ మీది నుంచి దిగిన మగవాళ్లు. ఊరు సగం కారు చుట్టూ చేరింది.

"కండ్లు కనవడతలెవ్వా?" అంది ఆవిడ. "రాళ్లు పెట్టింది ఎందుకనుకున్నవ్? దిగు."

"అమ్మా, చాలా సారీ." మహేంద్ర జేబులోంచి పర్సు తీశాడు. "ఎంత నష్టమో చెప్పండి, ఇచ్చేస్తాను."

అది అతను చేసిన రెండో తప్పు, మక్కల మీంచి ఎక్కించమన్న మొదటిదానికంటే పెద్దది. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఆరబోసిన మక్కల మీద బండి ఎక్కించినవాడు తప్పయిందని చెప్పి పోవడానికి లేదు, పైసలు పారేసి పోవడానికి అసలే లేదు. దిగాలి. చెదిరిన గింజలు ఎత్తాలి, కుప్ప చేయాలి. వాన వస్తుంటే ఇంకా జల్దీ ఎత్తాలి.

"బక్కమ్మ మక్కలకు పైసలిస్తడంట," అంది ఎవరో. గుంపు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. బక్కమ్మ మహేంద్ర తెల్ల కోటు కాలరు పట్టుకుని బయటికి లాగింది. అంతమంది ముందు పిస్టల్ తీయడానికి అతనికి ధైర్యం చాలలేదు. సీటు మీదే వదిలేసి దిగాడు. తారిఖ్ దాన్ని తీసి షేర్వానీ లోపల దోపుకున్నాడు.

షెడ్డులోంచి లారీ బయటికి వచ్చింది, ఇక్కడి గుంపును చూసి పక్క నుంచి తప్పించుకుని పోవాలనుకుంది. ట్రాక్టర్ అతను తన బండిని మెల్లగా రోడ్డుకు అడ్డం తిప్పి, తాళం జేబులో వేసుకున్నాడు. మక్కలు ఎత్తేదాకా ఏ బండీ కదలదని చెప్పాడు. లారీలోంచి పొడుగాటి తెల్ల మనిషి దిగి ఇంగ్లీషులో కోప్పడ్డాడు. దేశాలు మార్చినంత తేలిగ్గా దేన్నయినా మార్చేయగలననుకునే లియోన్ అతనే. రవళి అనే అమ్మాయి అతని మాట ఓపిగ్గా వింది, విన్నాక అతని చేతిలో కూడా ఒక చేట పెట్టింది.

"తారిఖ్," అంది చెవిలో అన్నపూర్ణ, ఆయాసంతో. "ముత్తంగి కారు దొరికింది. స్టెప్నీ తప్ప ఏం లేదు దాన్లో. ఫరహత్ షోరూమ్‌లో లేదు, ఇంట్లో లేదు. నీ దగ్గరేంటి?"

తారిఖ్ ఉంగరం రాయి నొక్కిపట్టాడు. "మాల్ ఈడనే ఉన్నది మేడమ్. మహేంద్ర, లియోన్ గూడ ఉన్నరు."

"పారిపోకుండా చూడు. నేనొచ్చేసరికి గంటన్నా పడుతుంది."

"తొందర లేదు. ఊరోళ్లు పోనియ్యరు."

"ఒక్క మాట," అంది ఆమె. "నేను వెనక్కి రమ్మన్నాను కదా. ఎందుకు రాలేదు?"

తారిఖ్ తనంతట తనే ఒక బండిని నమ్మి ఏడాదయింది. "బండి చెప్పింది మేడమ్," అన్నాడు.

చినుకులు పెద్దవవుతున్నాయి. తారిఖ్ కారు దిగి లోపలికి చూశాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. ఎడమ సీటు కూడా ఖాళీగానే ఉంది. గుండెలో బరువు తగ్గుతుందేమో అనుకున్నాడు. తగ్గలేదు, బెంగ పుట్టింది. వెళ్లేముందు ఒక్క మాటయినా చెప్పి పోవాల్సింది కదా అనుకున్నాడు.

"నువ్వేంది సూస్తున్నవ్ సేఠూ?" అంది బక్కమ్మ. "బండి నడిపింది నువ్వేనాయె. కూసో, ఏరు."

తారిఖ్ ఉంగరం చెయ్యి మడిచి, మహేంద్ర పక్కనే రోడ్డు మీద గొంతుక్కూర్చున్నాడు. బక్కమ్మ అందరి చేటల్లోకీ చూస్తూ తిరిగింది. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకుని, కాలవ మీది కల్వర్టు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"గా నీలం అంగి తొడిగినాయన మీ కార్లకెల్లే దిగిండు గదా. అందరు ఏరుతుంటె ఆయనొక్కడు గట్ల కూసున్నడేంది?"

తారిఖ్ చేతిలోని గింజలు జారిపోయాయి. కల్వర్టు వైపు చూశాడు. అతనికి వాన తప్ప ఏమీ కనిపించలేదు.

"ఆయన ఇప్పుడు డ్యూటీల లేడు అమ్మా."

"డ్యూటీ లేనోడు గింత వానల గింత దూరం ఎందుకొచ్చిండు?" అంది బక్కమ్మ.

తారిఖ్ ఇంటరాగేషన్లు చాలా చూశాడు. ఇంత తేలిగ్గా ఎప్పుడూ దొరికిపోలేదు. తల వంచుకుని మక్కలు ఏరడం మొదలుపెట్టాడు.